మసూర్ గింజ, దాని చుట్టూ ఆరు

నలభై ఏళ్ళుగా పప్పుల వ్యాపారం చేస్తున్నాను. ఈ నలభై ఏళ్ళలో ఏ సరుకునూ పూర్తిగా చూసి కొనలేదు. ఎవరూ కొనరు. బస్తాలో ఇనుప సూది గుచ్చితే దాని గాడిలోంచి పిడికెడు గింజలు జారి అరచేతిలో పడతాయి. ఆ పిడికెడు చూసి బస్తాకు ధర కడతాం. ఆ బస్తా చూసి లారీకి ధర కడతాం. పిడికెడు అబద్ధం చెప్పదని మా నమ్మకం. ఆ నమ్మకం నాతో ఏం చేయించిందో చెబుతాను.

మాది కర్ణాటక సరిహద్దులో నాపరాళ్ళ ఊరు. కంది బాగా పండుతుంది. మా గంజ్, అంటే గింజల బజారు, గుండ్రంగా ఉంటుంది. చుట్టూ గోదాములు, మధ్యలో రేకుల షెడ్డు. షెడ్డులో ఆడవాళ్ళు కూర్చుని గింజలు చెరుగుతారు, రాళ్ళు ఏరుతారు, నేలమీద ఒలికింది ఊడ్చి కుంచంతో కొలిచి సంచులకెత్తుతారు. పడమటి అంచున నా గోదాము. దాన్ని ఆనుకుని పప్పు మిల్లు, దాని వెనక మా ఇల్లు.

మాదేవి మా ఒక్కతే కూతురు. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే సంస్థ ఒకదానిలో పనిచేస్తుంది. అల్లుడు వాడి అనే రైల్వే జంక్షన్‌లో రైలు నడుపుతాడు, వాళ్ళ కాపురం అక్కడే. రెండేళ్ళ కిందట జ్యేష్ఠమాసంలో మాదేవి జీపు వేసుకుని వచ్చింది. వెనక సీటులో దుప్పట్లు చుట్టిన రాగి పీపా ఒకటి ఉంది. అప్పటికి మాదేవికి రెండో నెల.

గోదాము గడప మీద పాత పేపరు పరిచి, బద్దలు చేయని మసూర్ గింజ ఒకటి తెచ్చి మధ్యలో పెట్టింది.

"చూడు నాయినా. సప్తర్షి మండలం పక్కపొంటి ఒక గెలాక్సీ ఉన్నది. దానికి పేరు లేదు, నంబరే. పక్కనుంచి చూస్తే అచ్చం గిట్లనే ఉంటది. నడుమ ఉబ్బు, అంచు పల్చన."

"ఎంత దూరం?"

"దాని వెలుతురు బయలెల్లినప్పుడు ఈ భూమ్మీద మనుషులే లేరు."

"అయితే రవాణా గిట్టదు," అన్నాను.

నవ్వింది. నవ్వి, గింజను వేలితో తిప్పింది. "దీంట్ల కొత్త చుక్కలు పుడ్తలేవు. ఉన్నయన్నీ ముసలియే. చుక్క పుట్టాలంటే వాయువు ఒక్కకాడికి చేరి ముద్ద కావాలె. ఉన్న వాయువంతా ఎప్పుడో ఒడిసిపోయిందని అందరంటరు. కానీ ఇంకా కొంచెం మిగిలుంది నాయినా. ఉన్నా ముద్ద గాదు. ఏదో కానిస్తలేదు. దాని రేడియోల సన్నటి వణుకు ఒకటి దొరికింది నాకు. ఆ వణుకునే ఈ పీపాల పుట్టించిన."

"పుట్టిస్తే?"

"పీపా పక్కన నానేసిన పెసలు పెట్టిన. కుళ్ళలేదు. మొలక రాలేదు. ఉన్నదున్నట్టే ఉన్నయ్. ఉన్నదానికి ఏం గాదు. కొత్తది మొదలుకాదు, అంతే."

నేను ఒక్క ప్రశ్నే అడిగాను. "పుచ్చు పురుగు గుడ్లు?"

"అందుకే వచ్చిన," అంది.

వానాకాలం గోదాములో పుచ్చు పురుగు పడితే ఏమవుతుందో మా ఇంట్లో పుట్టినదానికి ఒకరు చెప్పక్కర్లేదు. పురుగుకు మందు బిళ్ళలు పెట్టి తలుపులు మూస్తాం. మాదేవికి ఎనిమిదేళ్ళప్పుడు మూసిన గోదాములోకి ఒక హమాలీ గడువుకు ఒక రోజు ముందే వెళ్ళాడు. నలుగురు మోసుకొచ్చి మా అరుగు మీద పడుకోబెట్టారు. అతను లేవలేదు. ఆ బిళ్ళల వాసన వస్తే మాదేవి ఇప్పటికీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది.

నలభై రోజులు పరీక్ష చేశాం. పురుగు పట్టిన కందుల బస్తాలు రెండు తీసుకుని ఒకటి పీపా పక్కన, ఇంకొకటి వరండాలో పెట్టాం. వరండా బస్తా పిండైపోయింది. పీపా పక్కదానిలో ఉన్న పురుగులు వాటి ఆయుష్షు తీరి చచ్చాయి. కొత్త పురుగు ఒక్కటి పుట్టలేదు. మాదేవి అడుగుకొక గిన్నె చొప్పున నానేసిన పెసలు వరసగా పెట్టింది. నాలుగడుగుల లోపలివి మొలవలేదు. ఐదో అడుగు నుంచి చక్కగా మొలిచాయి. నాలుగో అడుగు దగ్గర సుద్దముక్కతో నేలమీద గుండ్రంగా గీత గీసింది. ఇల్లు ఆ గీతకు ఎంతో దూరం. నేను అరచేతిలో ఆ కందులు పోసుకుని చూశాను. తళతళలాడుతున్నాయి. పిడికెడు బాగుంది.

ఆ రోజుల్లోనే షెడ్డులో పనిచేసే అనంతమ్మ చేట పట్టుకుని మాదేవి దగ్గరికి వచ్చేది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, నోరు ఊరుకోదు.

"అక్కా, నువ్వు గూడ నీళ్ళు పోసుకున్నవట గదా. నేను గూడ అంతే. ఎవరు ముందు కంటరో చూద్దాం."

"నీకెన్నో నెలే?"

మా గంజ్‌లో కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. అనంతమ్మ వేళ్ళు మడిచి అలాగే లెక్కపెట్టింది. "లాభం, రెండు, మూడు. మూడు కుంచాలైనయ్ అక్కా. ఇంకా ఆరు పొయ్యాలె."

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పరీక్ష అయ్యాక మాదేవి ఒక ఏడాది ఆగుదామంది. "ఒక్క మిషన్‌తోనే చూద్దాం నాయినా. తొందరేమున్నది?"

"వానాకాలం ఆగుతుందా?" అన్నాను. "గంజ్ అంతా చూసింది. ఇప్పుడు నేను ఆపితే నా ఒక్కడి సరుకే బాగుండాలని దాచుకున్నానంటారు."

అది నిజమే, కానీ సగం నిజం. గంజ్ మొత్తం నా మాట మీద నడవాలని నలభై ఏళ్ళ కోరిక. మా ఊరి కందికి పురుగు లేదన్న పేరు పడితే ఆ పేరు వెనక నా పేరు ఉంటుంది. బీదర్ కంచరివాళ్ళ చేత ఇంకో ఆరు పీపాలు చేయించాను. మాదేవి ఒక్కోదాన్ని శ్రుతి చేసినట్టు సరిచేసింది. మూడు గోదాములవాళ్ళు తలా ఒకటి పెట్టుకున్నారు. మాణిక్‌రావు సేటుకు గంజ్ చుట్టూ మూడు గోదాములున్నాయి. అతను మూడూ తీసుకున్నాడు. నాది కలిపి ఏడు. శ్రావణం మొదటి సోమవారం ఏడూ ఒక్కసారే మొదలుపెట్టాం. కొబ్బరికాయ నేనే కొట్టాను.

వారం తిరక్కముందే మా ఇంట్లో పాలు తోడుకోవడం మానేశాయి.

"ఇగో, ఈ పాలోన్ని మార్చు," అంది మా ఆవిడ నీలమ్మ. "నీళ్ళు కలిపితే పలుచనైతయ్. వీడేం కలుపుతున్నడో, మూడు దినాలైనా పాలు పాలలెక్కనే ఉన్నయ్."

"విరిగినయా?"

"విరగలే. పులవలే. ఏం గాలే."

"చెడకపోతే మంచిదే కదా," అన్నాను.

పాలవాణ్ణి మార్చింది. తోడు మార్చింది. గిన్నె మార్చింది. దోసెల పిండి రుబ్బితే పొంగలేదు. సొరకాయ కోస్తుంటే నీలమ్మకు కత్తిపీట తగిలి వేలు తెగింది. పది రోజులైనా ఆ గాటు తెగినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. చీము పట్టలేదు, మానలేదు. గుడ్డ విప్పితే ఎర్రగా, అప్పుడే తెగినట్టు. వయసు మీద పడితే పుండ్లు ఆలస్యంగా మానతాయని నేనే చెప్పాను. నాలుగడుగుల గీత నా కళ్ళముందుంది. ఇల్లు ఆ గీత బయట ఉంది. ఇంక వేరే ఆలోచన రాలేదు.

పదహారో రోజు మాదేవిని డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. మిషన్లు మొదలుపెట్టిన రోజునే ఒకసారి స్కానింగ్ తీశారు. ఇప్పుడు రెండోది. డాక్టరమ్మ తెర మీద గీతలు పెట్టి కొలిచింది. పాత కాగితం తెప్పించి పక్కన పెట్టుకుంది. మళ్ళీ కొలిచింది.

"గుండె బాగానే కొట్టుకుంటోంది. కదలిక ఉంది. కొలతే... పోయినసారి ఎంతో ఇప్పుడూ అంతే ఉందమ్మా."

"ఎంత తేడా?" అని మాదేవి అడిగింది.

"తేడా లేదు. అదే నాకర్థం కావట్లేదు. వారం ఆగి మళ్ళీ చూద్దాం."

 ఇంటికి రాగానే మాదేవి వాళ్ళమ్మ వేలికున్న గుడ్డ విప్పి చూసింది. వంటింట్లోకి వెళ్ళి పాలగిన్నె తెచ్చింది. అవే పాలు, అదే తోడు రెండు గిన్నెల్లో వేసి ఒకటి ఇంట్లో ఉంచి, రెండోది రైలు పట్టాల అవతల వాళ్ళ చిన్నమ్మ ఇంటికి పంపింది. సాయంత్రం చిన్నమ్మ దగ్గర్నుంచి గిన్నె వెనక్కి వచ్చింది. వంచినా జారని గడ్డ పెరుగు. మా ఇంటి గిన్నెలో పాలు.

నీలమ్మ రెండు గిన్నెల్నీ చూసి, కూతురి కడుపు వైపు చూసింది.

మర్నాడు పొద్దున మాదేవి తన సంస్థ నుంచి తెప్పించుకున్న పటం ఒకటి నా గద్దె మీద పరిచింది. నల్లటి కాగితం మీద మధ్యలో మసూర్ గింజ. చుట్టూ దుమ్ములాంటి మచ్చలు.

"ఇన్నేండ్లు నేను నడుమ గింజనే చూసిన నాయినా. అదే పెద్దగుంటది, అదే కనబడ్తది. దాని చుట్టూ ఆరు చిన్న గెలాక్సీలున్నయ్. అది ఒంటిగ లేదు, గుంపుల ఉన్నది. మసకగుంటయని ఆ ఆరింటినీ లెక్కల తీసుకోలే. ఇప్పుడు మొత్తం గుంపును కొలిపిస్తే, వణుకు ఎక్కువున్నది గింజల కాదు. వాటి నడుమ ఖాళీ జాగలున్నది. ఒకదాని వణుకు ఇంకొకదాన్ని అందుకుంటున్నది."

డబ్బాలోంచి ఏడు గింజలు తీసి గుండ్రంగా పెట్టింది. ఆ గుండ్రం ఏమిటో నాకు చెప్పక్కర్లేకపోయింది. కిటికీలోంచి అదే కనిపిస్తోంది.

"ఒంటిగ ఉన్న పీపా వణుకు నాలుగడుగులే పోతది. నేను గీసిన గీత అబద్ధం కాదు. ఏడు కలిస్తే గీతే లేదు. నడుమ ఇంకా జోరు." గింజల మధ్యలో వేలు పెట్టింది. "నేను కూడా నీలెక్కనే చేసిన. ఒక్క పిడికెడు చూసి లారీకి ధర కట్టిన."

మధ్యలో ఏముందో నాకు తెలుసు. రేకుల షెడ్డు. ఆ మాట నా చెవిన పడింది, అర్థమైంది కూడా. కానీ ఆ నిమిషాన నేను లెక్కేసుకున్నది ఒక్క మనిషినే.

"బిడ్డకు ఇప్పుడేమైతది?"

"ల్యాబుల కోడిగుడ్లు పెట్టి చూసినం. ఇరవై దినాలదాకా ఆపి బయటికి తీస్తే మళ్ళా పెరిగినయ్, పిల్లలైనయ్. దాటినంక తీసినయి కాలే." వేళ్ళ మీద లెక్కపెట్టింది. "ఇయ్యాల పదిహేడో దినం. ఆ లెక్క ఒక్క పీపాది. నడుమ ఎన్ని దినాలో నాకు తెల్వది. తక్కువే ఉంటది."

నేను లేచి కారు తాళాలు తీశాను. "బట్టలు సర్దుకో. మధ్యాహ్నానికి వాడిలో మీ ఇంట్లో ఉంటావు."

"పోను."

"ఏంటి?"

"నేను పోతే నువ్వు ఆపవు నాయినా."

"ఎందుకాపను? నీకేమన్నా పిచ్చా?"

"రేపు మాట్లాడ్త అంటవ్. తర్వాత వారమంటవ్. సరుకు పోనీ, దసరా కానీ అంటవ్. నాకు తెల్వదా నువ్వు?"

నీలమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. "కడుపుల బిడ్డను పెట్టుకుని ఇదేం పంతమే? నీకు చేతులెత్తి మొక్కుత, పో."

"ఏడూ ఆగినంక పోత అమ్మా. అన్నిట్ల సరుకు నిండుగున్నది. నేను పోయినంక నాయిన ఎవరి కోసం ఆపుతడు?"

 తాళాలు తీస్తున్నప్పుడే నా మనసులో ఆ లెక్క పూర్తయింది. మాదేవి వాడిలో ఉంటే బిడ్డ భద్రం. మిగతావి మెల్లగా, సరుకు అమ్ముడైన కొద్దీ ఒక్కొక్కటే. కూతురు నన్ను తూచింది. తూకంలో ఒక్క గింజ తేడా రాలేదు.

నేను గోదాములోకి వెళ్ళి నా పీపా ఆపేశాను. బయటికి వస్తుంటే మాదేవి వెనక నుంచి అంది: "షెడ్డుల పనిజేసేటోళ్ళకు చెప్పు నాయినా. ఇయ్యాల్టి నుంచి అటు రావద్దని చెప్పు. అనంతమ్మకు ముందు చెప్పు."

"చెప్తా," అన్నాను.

గడప దిగి షెడ్డు వైపు నాలుగడుగులు వేశాను. అనంతమ్మ చేటతో పొట్టు ఎగరేస్తూ ఎవరినో ఆట పట్టిస్తోంది. ఆగిపోయాను. ఈ సంగతి షెడ్డులో చెబితే గడియలో హమాలీల దగ్గరికి పోతుంది. వాళ్ళు బస్తాలు దించేస్తారు. గొడవైతే తప్పెవరిదన్న మాట వస్తుంది. ఆ మాట వస్తే ఏ సేటూ పీపా ఆపడు, ఆపితే తప్పు ఒప్పుకున్నట్టే. మాణిక్‌రావు అసలు ఆపడు. ముందు సేట్లను ఒప్పించాలి, ఆ తర్వాత చెప్పాలి. మూడు రోజులే కదా. నా బిడ్డకు ఇంకా మూడు రోజుల గడువుంది. ఆ లెక్కే షెడ్డుకూ వర్తిస్తుందనుకున్నాను. నడుమ ఎన్ని రోజులో తెల్వదని కూతురు చెప్పి అరగంట కూడా కాలేదు.

వెనక్కి తిరిగి ఎడమవైపు గోదాముకు వెళ్ళాను.

తలా ఒక పీపా ఉన్న ఆ ముగ్గురు సేట్లనూ ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. మొదటాయన ఇంట్లోనూ పాలు తోడుకోవడం లేదు, ఆయన తొందరగానే ఆపాడు. ఇంకొకరికి నా గోదాములోని మందు బిళ్ళల డబ్బాలన్నీ ఇచ్చాను. మూడో ఆయన మాణిక్‌రావు ఆపితే నేనూ ఆపుతానని కూర్చుని, రెండో రోజు సాయంత్రానికి దిగొచ్చాడు. మూడు పీపాలు మిగిలాయి. మూడూ మాణిక్‌రావువే. గంజ్‌కు మూడు వైపులా ఉన్నాయి. వాటి వణుకు మా ఇంటికీ అందుతుంది, షెడ్డుకూ అందుతుంది.

"బిడ్డను ఆపడానికి ఆ మూడూ చాలా?" అని మాదేవిని అడిగాను.

"చాలు," అంది. నాపరాయి అరుగు మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది.

మాణిక్‌రావు నన్ను చూడగానే గద్దె మీద కాలు మడుచుకుని నవ్వాడు. "రా రేవణప్ప సేటూ. ముంగటేమో కొబ్బరికాయ కొట్టి మరీ అంటగడ్తివి. ఇప్పుడేమో ఆపుమంటున్నవట."

"నా బిడ్డ కడుపులో పిల్ల పెరగట్లేదు మాణిక్‌రావూ."

"డాక్టరమ్మ కొలత తప్పుతది. నాకు ముగ్గురు పిల్లలు, మూడుసార్లూ తప్పింది." తమలపాకుకు సున్నం రాశాడు. "నా మూడు గోదాములు నిండుగున్నయ్. ఇప్పుడు ఆపితే వారంల పురుగు పడ్తది. అందరియి ఆపించి, రేపు నీ ఒక్కనిది మొదలుపెట్టుకుంటవ్. నీ సంగతి నాకు తెల్వదా?"

అతని మాటలో తప్పు లేదు. అతని చోట నేనున్నా అదే అనుకునేవాణ్ణి. పెరుగు సంగతి చెప్పాను, నవ్వాడు. కోడిగుడ్ల సంగతి చెప్పాను, ఆకు నోట్లో పెట్టుకున్నాడు. మాదేవిని తీసుకొచ్చి చెప్పిద్దామనుకున్నాను. కానీ నీ బిడ్డను ఊరు దాటించు, సరిపోతుంది కదా అని అతనంటే నేనేం చెప్పాలి? సరిగ్గా అదే అన్నాడు.

"ఊరు దాటించు సేటూ. వాడి ఎంత దూరం? కారున్నది నీకు."

"పోనంటోంది."

"ఎందుకు?"

"నేను ఆపనని."

మాణిక్‌రావు నమలడం ఆపాడు.  "బిడ్డకు నీ మీద మంచి నమ్మకమే ఉన్నది," అన్నాడు.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను. ఈసారి భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పాను. మా గంజ్‌లో పెద్ద బేరాలు ఇంకా అలాగే నడుస్తాయి. నోటితో ధర చెప్పరు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుంటారు, ఏ వేలు పడితే ఆ ధర. చూసేవాళ్ళకు రెండు మొహాలు తప్ప ఏమీ కనిపించదు. మాణిక్‌రావు అలవాటుగా నా వేళ్ళ కోసం వెతికాడు. నేను వేళ్ళు ఇవ్వలేదు. అతని మణికట్టు పట్టుకున్నాను.

మణికట్టు పట్టడమంటే నా వైపు నుంచి ధర లేదని. నీకేం కావాలో నువ్వే చెప్పు, కాదనను అని. నలభై ఏళ్ళలో ఒక్కసారే చూశాను, అది కూడా వేరే ఊళ్ళో.

మాణిక్‌రావు నా చెవి దగ్గరికి వంగి అడిగాడు. ఏమడిగాడో ఇక్కడ రాయను. మా మిల్లు మీద ఇప్పుడు ఎవరి బోర్డు ఉందో గంజ్‌కు వచ్చినవాళ్ళకు తెలుసు. మూడు తాళాలూ నా ముందే తీయించి, మూడు పీపాలూ నా చేత్తోనే ఆపాను.

ఇంటికి వచ్చేసరికి మాదేవి కారులో కూర్చుని ఉంది. అద్దం దించింది.

"అన్నీ?"

"అన్నీ ఆగినయ్ బిడ్డా."

"షెడ్డోళ్ళకు ఆనాడే చెప్పినవ్ గదా?"

"చెప్పిన," అన్నాను.

మాదేవి కారును వాడి వైపు పోనిచ్చింది.

మర్నాడు పొద్దున నీలమ్మ గిన్నె పట్టుకుని వచ్చి నా ముందు వంచింది. పెరుగు జారలేదు. నాలుగో రోజుకు ఆమె వేలి గాటు మీద పొక్కు కట్టింది. పన్నెండో రోజు వాడి నుంచి ఫోన్ వచ్చింది. బిడ్డ కొలత పెరిగిందని డాక్టరు చెప్పారట. ఆ పన్నెండు రోజుల్లో ఎంత పెరగాలో అంతా పెరిగిందట. నీలమ్మ ఫోన్ పెట్టకుండానే ఏడ్చింది. నేను గోదాములోకి వెళ్ళి సూది గుచ్చి పిడికెడు కందులు తీశాను. వాటి మధ్యలో పుచ్చు పురుగు ఒకటి పాకుతోంది. దాన్ని నలపలేదు. అరచేతి అంచుదాకా వెళ్ళి ఎగిరిపోయేదాకా చూశాను.

ఆ వారంలోనే షెడ్డులో అనంతమ్మ కనిపించలేదు. ఒక హమాలీని అడిగాను.

"పెద్దాసుపత్రికి తీస్కపోయిండ్రు సేటూ. కడుపు నిలువలే. ఎన్నడో ఆగిపోయిందట లోపట, ఎన్నడాగిందో డాక్టర్లకే సమజైతలేదట."

వాళ్ళింటికి బియ్యం, పప్పు పంపాను. నేను వెళ్ళలేదు.

మాదేవికి పుష్యమాసం చివర ఆడపిల్ల పుట్టింది. డాక్టర్లు చెప్పిన రోజుకు ఇరవై రోజులు ఆలస్యంగా, నిండు తూకంతో. చైత్రంలో పాపను ఎత్తుకుని వచ్చింది. ఏడు పీపాలనూ విప్పించి, రాగిని కరిగించేదాకా దగ్గర నిలబడి చూసింది. జరిగినదంతా రాసి తన సంస్థకు ఇచ్చానని చెప్పి, ఆ కాగితాలు నాకూ చూపించింది. ఇంగ్లీషు నాకు అంతంత మాత్రం. ఒక వాక్యం కింద వేలు పెట్టి తనే చెప్పింది. "మనుషులకైన నష్టం ఇక్కడ రాసిన నాయినా. ఒక గర్భం ఆగింది, తిరిగి కోలుకున్నది."

"ఒకటేనా?" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"షెడ్డోళ్ళకు ముందే చెప్పినవ్ గదా. ఇంకెవరున్నరు?"

నేను కాగితం మడిచి ఇచ్చేశాను.

సాయంత్రం పాపకు గాలి తగలాలని గంజ్‌లోకి తీసుకెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. కొత్త కందుల కాలం, షెడ్డు నిండుగా ఉంది. అనంతమ్మ ఒక మూలన కూర్చుని ఊడ్చిన గింజలు సంచికెత్తుతోంది. కుంచం నింపి, అరచేత్తో అంచు సమంగా తోసి, సంచిలో పోసింది.

"ఒకటి," అంది.

మా గంజ్‌లో మొదటి కుంచానికి ఆ మాట నేనెప్పుడూ వినలేదు. పక్కనున్న ఆడవాళ్ళెవరూ ఆమెను దిద్దలేదు. చాలా రోజులుగా అలాగే కొలుస్తున్నట్టుంది.

మాదేవి ఆగింది. "అనంతమ్మా! నీ బిడ్డేదే? మనం పందెం వేసుకున్నం గదా."

అనంతమ్మ పాపను చూసింది. లేవలేదు. "నిలువలే అక్కా."

"ఎప్పుడు?"

"గా మిషన్లు బందైనంక వారం దినాలకు."

మాదేవి మొహం నుంచి రంగు దిగిపోవడం చూశాను. "షెడ్డుకు రావద్దని నాయిన చెప్పలేదా నీకు?"

అనంతమ్మ నా వైపు చూసింది. ఆమె పనిచేసే షెడ్డు మా సేట్లది. ఆమె మొగుడు బస్తాలు మోసే గోదాము నాది. ఆ చూపు ఎంతోసేపు లేదు. ఏం కొలవాలో కొలిచి కిందికి దిగింది.

"చెప్పిండు అక్కా," అంది. "సేటు చెప్పిండు. నేనే ఇనలే."

నా నష్టాన్ని తన మీద వేసుకునేవాళ్ళు నలభై ఏళ్ళ వ్యాపారంలో నాకు తగల్లేదు. ఊరుకుంటే చాలు. కాగితంలో ఒకటి రెండవుతుంది, తప్పు ఆమెదవుతుంది, కూతురు నాకు మిగులుతుంది. బేరం అంత తేలికగా నా ముందుంది.

"లేదు బిడ్డా," అన్నాను. "నేను చెప్పలేదు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగిన."

మాదేవి పాపను రెండు చేతులతో దగ్గరికి తీసుకుని నా పక్కనుంచి ఒక అడుగు జరిగింది.

అనంతమ్మ తలెత్తలేదు. కుంచం గింజల్లో ముంచి నింపింది, అంచు తోసింది, సంచిలో పోసింది.

"రెండు."